పోకర్‌లో మూడు ఎనిమిదులు పడినా చివరి పందెంలో వచ్చింది 15 చిప్పులే. ఎక్కడ తప్పు చేశాను?

నెలకోసారి ఇంట్లో చిప్పులతో సరదాగా టెక్సస్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్లమీద అందరికీ కలిపి ఐదు ఉండే పోకర్) ఆడతాం. చిన్నప్పటి నుంచి రమ్మీ చేయి, పోకర్ ఏడాది నుంచే. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు) 1-2, ఒక్కొక్కరి దగ్గర 200.

మొన్న మా తోడల్లుడు ముందే 8కి పెంచాడు. నా దగ్గర ఇస్పేటు, డైమన్ ఎనిమిదులు. నేనూ బిగ్ బ్లైండూ (ముందే 2 వేసినవాడు) కాల్ చేశాం, అంటే అంతే వేశాం. పాట్ (మధ్యలో పోగైన మొత్తం) 25.

ఫ్లాప్ (బల్లమీద తెరిచే మొదటి మూడు ముక్కలు): ఆఠీను రాజు, కళావరు ఎనిమిది, ఆఠీను మూడు. జత ఉన్నప్పుడు ఇలా సెట్ (అదే అంకె మూడోది) పడేది ఎనిమిది తొమ్మిదిసార్లకు ఒకసారి! ఆయన 12 వేశాడు. భయపెట్టకూడదని కాల్‌తో సరిపెట్టాను, బిగ్ బ్లైండూ వచ్చాడు. పాట్ 61.

టర్న్‌లో (నాలుగో ముక్క) ఆఠీను తొమ్మిది. బల్లమీద మూడు ఆఠీన్లు, ఎవరికైనా ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) పడిందేమోనని గుండె జారింది. ఇద్దరూ చెక్ చేస్తే (పందెం వేయకుండా ఊరుకుంటే) నేనూ చెక్. రివర్ (ఆఖరి ముక్క) కళావరు రెండు, మళ్లీ ఇద్దరూ చెక్. నేను వేసింది ముష్టి 15. తోడల్లుడు ఆలోచించకుండా కాల్ చేసి ఆసు, రాజు చూపించాడు. ఆయన దగ్గర ఇంకా 165 ఉన్నాయి! రాజు జత పడితే వదిలే మనిషి కాదని తెలిసీ ఇలా చేశాను.

ఫ్లాప్‌లోనే 40 దాకా పెంచాల్సిందా? టర్న్‌లో ఫ్లష్ ఎవరికో పడిందనుకున్నా, మిగిలిన 46 ముక్కల్లో 10 నన్ను గెలిపించేవే కదా, అక్కడ చెక్ చేయడం పిరికితనమేనా? రివర్‌లో 61 పాట్‌కి మీరైతే ఎంత వేస్తారు? అనుభవం ఉన్నవాళ్లు కాస్త లెక్కతో సహా చెప్పండి.