ఉస్కో, కూకో, ఒగ్గేయ్: మన కుక్కలకు తెలిసిన మాటలు

మొన్న మన గుంపులో ఒక సభ్యురాలు అడిగారు: "కుక్కను ఎవరి మీదికైనా తోలేటప్పుడు 'ఉస్కో' అంటాం కదా, అది తెలుగు మాటేనా, ఉత్త చప్పుడా?" దాని కింద ఇంకొకరు "కుక్కలకు తెలుగెక్కడ వస్తుందండీ, ఇంగ్లీషులో చెబితేనే వింటాయి" అని రాశారు. ఈ రెండో మాట మా ఆమదాలవలసలోనూ తరచుగా వినబడుతుంది. రెండింటికీ కలిపి జవాబు రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఉస్కో నిక్షేపంగా తెలుగే. నిఘంటువుల్లో 'ఉసికొలుపు' అనే క్రియ ఉంది. కుక్కను మీదికి తోలడం, రెచ్చగొట్టడం అని అర్థం. పేపర్లో రోజూ చదివే 'ఉసిగొల్పారు' దాని రూపమే. చప్పుడు పుట్టి, అది మాటగా స్థిరపడి, చివరికి రాజకీయ వార్తల దాకా వచ్చింది. ఇంకో సంగతి. 'స్' అన్న ధ్వనిలో హెచ్చు స్థాయి కంపనాలు ఎక్కువ. మన చెవికి సెకనుకు 20,000 కంపనాల వరకే వినబడితే కుక్కకు దాదాపు 45,000 దాకా వినబడతాయి. వీధి చివర ఎవరో 'ఉస్' అంటే మనకంటే ముందు కుక్క చెవులు నిక్కబొడుచుకోవడంలో వింత లేదు.

దగ్గరికి పిలిచేటప్పుడు నాలుకను పళ్ల వెనక ఆనించి గాలి లోపలికి పీల్చి 'చ్చు చ్చు' అంటాం చూడండి, దాన్ని రాయడానికి మన వర్ణమాలలో అక్షరం లేదు. నేనిక్కడ రాసింది కూడా సరిగ్గా ఆ ధ్వని కాదు. దక్షిణాఫ్రికాలో జూలూ, షోసా భాషల్లో అలాంటివి నిఖార్సైన హల్లులు. మనం మనుషులతో మాట్లాడేటప్పుడు వాటిని మాటల్లో వాడం, కుక్కలకూ పశువులకూ దాచిపెట్టుకున్నాం. నాకు ఇది చాలా ముచ్చటైన విషయం.

ఆ 'చ్చు చ్చు' ఎప్పుడూ పొట్టిగా, వెంటవెంటనే వస్తుంది. పాట్రీషియా మెకానెల్ అనే అమెరికా పరిశోధకురాలు రకరకాల భాషలవాళ్లు జంతువులను ఎలా అదిలిస్తారో పరిశీలించారు. కదిలించడానికి పొట్టి చప్పుళ్లు పదేపదే, ఆపడానికి ఒకే చప్పుడు సాగదీసి. భాష ఏదైనా తీరు ఇదేనట. మన దుక్కిటెడ్లను తలుచుకోండి. నడవమంటే 'హై హై హై', ఆగమంటే 'ఓ...'.

ఇక ఇంగ్లీషు సంగతి. 'సిట్' అంటే కూర్చునే కుక్క 'కూర్చో' అంటే కూర్చోకపోవడం నేనూ చూశాను. కారణం భాషలో లేదు, మన వాడుకలో ఉంది. 'సిట్' అనే మాటను ఇంట్లో అందరూ ఒకే తీరుగా, ఒకే ఒక్క రూపంలో అంటారు. తెలుగులోకి వచ్చేసరికి నాన్న కూర్చో అంటారు, అమ్మ కూచోవే అంటుంది, మామ్మ కూకో అంటుంది, పిల్లాడు కూర్చోమన్నానా లేదా అని అరుస్తాడు. పిలవడమూ అంతే: రా, దా, రావే, రారా, వచ్చేయ్. మనకు ఇవన్నీ ఒకటే. కుక్కకు మాత్రం ఇవి ఐదు వేర్వేరు చప్పుళ్లు. ఏ ఒక్కటీ గట్టిపడేంతగా దాని చెవిన పడదు.

శ్రీకాకుళంలో మా పిన్ని వాళ్ల బ్రౌనీ ఇందుకు మంచి ఉదాహరణ. దాన్ని అన్నానికి పిలిచేది పిన్ని ఒక్కతే, ఎప్పుడూ 'బేగి రా' అనే. బ్రౌనీ పట్టుకున్నది 'బేగి' ఒక్కటే. మనవడితో "బేగి తిను, బస్సొచ్చేస్తాది" అంటే చాలు, మంచం కింద తొంగున్నది కాస్తా లేచి వచ్చి గిన్నె దగ్గర నిలబడుతుంది. 'త్వరగా రా' అని ఎవరన్నా తల కూడా ఎత్తదు. పిన్నికి రోజూ ఇది తంటాయే, అయినా ఆ మాట మార్చదు.

అందుకే నా మనవి. కుక్కకు నేర్పేటప్పుడు ఒక పనికి ఒకే మాట పెట్టుకోండి, ఇంట్లో అందరూ దాన్నే అనండి. ఆ మాట మనదైతే మరీ మంచిది. కూకో, తొంగో (పడుకో), ఎల్లు, ఒగ్గేయ్. నోట కరిచిన చెప్పును వదలమనడానికి 'ఒగ్గేయ్' కంటే పదునైన మాట నాకు తెలియదు. స్కూల్లో పిల్లలు పలకడానికి మొహమాటపడే మన ప్రాంతపు మాటలు కుక్కతోనైనా రోజూ ధారాళంగా నోట ఆడితే నాకు సంతోషం.

కామెంట్లలో వచ్చినవాటికి ఇక్కడే జవాబులు.

రాజాం నుంచి అడిగిన అమ్మా, మీ కుక్క పేరు కుకీ, 'కూకో' అంటే కూర్చోకుండా మీదికి ఎగబడి వస్తోందన్నారు. పాపం దాని తప్పేం లేదు. 2020లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్ పరిశోధకులు కుక్కల తలకు ఎలక్ట్రోడ్లు అంటించి మాటలు వినిపించారు. తెలిసిన మాటకూ, బొత్తిగా పోలిక లేని అర్థం లేని మాటకూ తేడా వాటి మెదడు పట్టేసింది. తెలిసిన మాటలో ఒక్క ధ్వని మాత్రం మార్చి అంటే తేడా కనబడలేదు. మీ కుకీ, కూకోల హల్లులు రెండూ అవే, తేడా అంతా అచ్చుల్లోనే. పేరు మార్చడం ఇప్పుడు కష్టం కాబట్టి మీరు మాత్రం 'కూర్చో' అనండి, దానితోపాటు అరచెయ్యి కిందికి చూపించండి.

ఇచ్ఛాపురం మాస్టారూ, మీ ఇంట్లో తెలుగూ ఒడియా రెండూ నడుస్తాయి, కుక్కకు ఆ తేడా తెలుస్తుందా అన్నారు. భాషకూ భాషకూ తేడా తెలుస్తుందనే చెప్పాలి. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో 18 కుక్కలకు ఒకే కథను స్పానిష్‌లోనూ హంగేరియన్‌లోనూ వినిపించి మెదడు స్కానింగ్ చేశారు. ఇంట్లో వినే భాషకు ఒకలా, వినని భాషకు ఇంకోలా స్పందన వచ్చింది. వయసు ముదిరిన కుక్కల్లో ఆ తేడా మరింత స్పష్టం. మీ ఇంట్లో రెండూ రోజూ వినే భాషలే కనుక అది రెండింటికీ అలవాటు పడే ఉంటుంది. కాకపోతే ఒడియాలో రమ్మనడానికి 'ఆస', కూర్చోమనడానికి 'బస'. మొదటి అక్షరంలోనే తేడా. ఒకటి ఒడియాలో, ఒకటి తెలుగులో పెట్టుకోండి.

"మాట కాదు, గొంతే ముఖ్యం" అన్న బొబ్బిలి మిత్రులకు: రెండూ కావాలి. అదే బుడాపెస్ట్‌లో 2016లో 13 కుక్కల మీద చూశారు. మెచ్చుకునే మాటను మెచ్చుకునే గొంతుతో అన్నప్పుడే మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం చురుకైంది. ఏదో ఒక మాటను ముద్దుగా అన్నా, మెచ్చుకోలును చప్పగా అన్నా అలా జరగలేదు. కాబట్టి 'ఓలమ్మ, నా బంగారమే' అనేటప్పుడు మనసారా అనండి.

పార్వతీపురం, సాలూరు వైపు వాళ్లు ఇంకా రాయలేదు. మేకల మందలో కుక్కను వెనక్కి పిలవడానికి అక్కడ ఏమంటారు? తెలిసినవాళ్లు వాయిస్ మెసేజ్ పెట్టండి, ఆ చప్పుడు అక్షరాల్లో దొరకదు.