మనవాడి ఇంటర్వ్యూలో నన్ను జవాబులు చెప్పమంటున్నారు. కాదంటే వీసా ఏమవుతుంది?

ఇర్వింగ్ కొత్తబ్బాయి:
అందరికీ నమస్కారం. డల్లాస్ వచ్చి నాలుగు నెలలైంది. ఒక కన్సల్టెన్సీ హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద వచ్చి క్లయింట్ దగ్గర జావా పని చేస్తున్నాను. నిన్న ఆ కన్సల్టెన్సీలో మమ్మల్ని క్లయింట్ల దగ్గర పెట్టే మార్కెటింగ్ అన్న ఫోన్ చేశాడు. గుంటూరు కుర్రాడికి శుక్రవారం వీడియో ఇంటర్వ్యూ ఉందట. నేను కెమెరాకి కనపడకుండా కూర్చుని జవాబులు చెప్పాలి, వాడు పెదాలు కదుపుతాడు. 'మనవాడే కదా, నీ రెజ్యూమెకి మేం సాయం చెయ్యలేదా' అన్నాడు. నిజమే, నా రెజ్యూమెలో వాళ్ళు రెండేళ్ళు కలిపారు, నేను చూసి ఊరుకున్నాను. ఇప్పుడు కాదంటే నా వీసా క్యాన్సిల్ చేస్తారా? ఎలా చెప్పాలి?

ఎడిసన్ అక్క:
తమ్ముడూ, ముందు ఒక మాట చెప్పు. నీ ఎల్‌సీఏ (హెచ్-1బీ కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే జీతం హామీ పత్రం) కాపీ నీ దగ్గరుందా? పనిలో చేరే రోజుకల్లా కంపెనీ నీ చేతికి ఇవ్వాల్సిన కాగితం అది. చాలామంది దాన్ని ఎప్పుడూ చూడరు. అందులో నీ జీతం, వేజ్ లెవెల్, పనిచేసే ఊరు ఉంటాయి. పే స్టబ్‌లు (జీతం చీటీలు) పక్కన పెట్టి సరిచూసుకో. తేడా ఉంటే నువ్వు భయపడాల్సింది వాళ్ళకి కాదు, వాళ్ళే నీకు భయపడాలి. ఐ-797 (హెచ్-1బీ అప్రూవల్ నోటీసు), ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు అన్నీ ఈ రోజే సొంత డ్రైవ్‌లో పెట్టుకో. క్లయింట్ ఫైళ్ళు మాత్రం ఒక్కటి కూడా సొంత మెయిల్‌కి పంపకు. అది ఇంకో తప్పు, దాని మీదే నిన్ను తీసేస్తారు.

ఫ్రిస్కో పెద్దాయన:
ఇక్కడ అందరూ నీతిపాఠాలు మొదలెడతారు గానీ, వై2కే (2000 సంవత్సరం) రోజుల నుంచీ మన కన్సల్టెన్సీ రెజ్యూమెలు ఎలా తయారవుతున్నాయో తెలియనివాళ్ళెవరు? అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు, పైన నాలుగేళ్ళ అనుభవం. వాళ్ళలో ఎంతమంది ఇవాళ డైరెక్టర్లు! పని వస్తే చాలు. పైగా కుర్రాడు ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉంటే జీతం రాదు, అద్దె ఎవరు కడతారు? ఒక గంట సాయానికి ఇంత ఆలోచన ఎందుకు?

సన్నీవేల్ అన్నయ్య:
పెద్దాయన గారూ, బెంచ్ మీద ఉంటే జీతం రాదన్నది తప్పు. ప్రాజెక్ట్ లేకపోయినా హెచ్-1బీ వాళ్ళకి ఎల్‌సీఏ జీతం ఇచ్చి తీరాలి. బయటి నుంచి వచ్చినవాళ్ళకి దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల్లోపు, ఇక్కడే స్టేటస్ మార్చుకున్నవాళ్ళకి 60 రోజుల్లోపు జీతం మొదలవ్వాలి. ఉద్యోగి తన అవసరం కోసం తనే సెలవు పెట్టుకుంటే వేరే సంగతి. క్లయింట్ మాకు డబ్బివ్వలేదన్న మాట చెల్లదు. ఆ కుర్రాడిదీ హెచ్-1బీయే అయి బెంచ్ మీద ఆకలితో ఉన్నాడంటే అతనికి బాకీ పడింది కన్సల్టెన్సీ, ఈ తమ్ముడు కాదు. కన్సల్టెన్సీ తన బాకీని ఇంకో ఉద్యోగి గొంతుతో తీర్చుకుంటోంది. ఆ జాలి మాట వెనకున్న లెక్క ఇదీ.

షార్లట్ నుంచి:
తమ్మీ, అందరు వీసా గురించే మాట్లాడుతున్నరు. గుంటూరు పోరనికి పని వస్తే ఎవనికి పోతది, గది సూడు. అదే ఇంటర్వ్యూకి నిజంగ రెండేండ్ల అనుభవం ఉన్నోడు ఇంకొకడు కూసుంటడు. ఆడు కూడా మన దిక్కోడే అయి ఉంటడు. అబద్ధం చెప్పకుంట ఆరు నెలలు తిరిగిన పోరడు ఆడు. మనోడికి సాయం అంటె, కండ్లముందు ఉన్నోడే మనోడా? పని రానోడు పనిల చేరితే ఆని టీంల ఉన్నోళ్ళు రాత్రిళ్ళు ఆని కోడు రాసి పెట్టాలె. గది కూడా లెక్కల ఏసుకో.

నేపర్‌విల్ హెచ్ఆర్:
బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ రెండేళ్ళ గురించి రాస్తాను. అడిగింది ప్రాక్సీ (ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇవ్వడం) గురించే అయినా అసలు మెలిక అక్కడుంది.

ఇండియా అనుభవం కనిపెట్టలేరు అనుకోవడం పాత మాట. పీఎఫ్ యూఏఎన్ పాస్‌బుక్‌లో ఏ కంపెనీ ఎన్ని నెలలు డబ్బు కట్టిందో వరుసగా ఉంటుంది, చెక్ చేసేవాళ్ళు దాన్నే అడుగుతున్నారు. ఇక్కడి ఉద్యోగాలకైతే ఈక్విఫ్యాక్స్ వాళ్ళ ద వర్క్ నంబర్ అనే ఉద్యోగ రికార్డుల డేటాబేస్ ఉంది. అందులో నీ రికార్డ్ నువ్వు ఉచితంగా తెప్పించుకోవచ్చు.

దానికన్నా పెద్ద ఉచ్చు డీఎస్-160, అంటే వీసా దరఖాస్తు ఫారం. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ కోసం అందులో పాత ఉద్యోగాలు, తేదీలు రాసి సబ్మిట్ కొట్టింది నువ్వే. రేపు గ్రీన్‌కార్డ్‌కి కంపెనీ పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్), ఐ-140 (ఇమిగ్రెంట్ పిటిషన్) వేసేటప్పుడు అనుభవం లెటర్లు పెడతారు. రెజ్యూమెలో ఏడేళ్ళు, డీఎస్-160లో ఐదేళ్ళు ఉంటే ఆ తేడాని ఆఫీసర్ పక్కపక్కన పెట్టి చూస్తాడు. క్లయింట్‌కి అబద్ధం చెబితే ఉద్యోగం పోతుంది. ప్రభుత్వానికి ఇచ్చే కాగితంలో ముఖ్యమైన విషయం మీద తెలిసి అబద్ధం చెబితే దేశంలోకి రాకుండా జీవితాంతపు అడ్డు పడుతుంది. రెజ్యూమె అబద్ధం మొదటి రకం. కానీ అది ఊరికే ఉండదు, రెండో రకంలోకి పాకుతుంది. అందుకే కలిపిన రెండేళ్ళని ఇప్పుడే ఆపాలి.

ఎలాగంటే, సరైన తేదీలతో రెజ్యూమె నువ్వే తయారుచేసి మెయిల్‌లో పంపు. ఇకనుంచి నా పేరు మీద ఇదే వాడండి, పాతది ఎవరికీ పంపొద్దు అని రెండు వాక్యాలు చాలు. లింక్డిన్ కూడా అదే రోజు సరిచెయ్యి.

ఎడిసన్ అక్క:
క్లయింట్ మేనేజర్‌కి కూడా వెళ్ళి చెప్పెయ్యాలి కదా మరి? దాచిపెట్టి జీతం తీసుకోవడం రోజూ చేసే అబద్ధమే.

నేపర్‌విల్ హెచ్ఆర్:
చెప్పాలనే నేనూ అంటాను అక్కా. కానీ రేపు పొద్దున్నే కాదు. ముందు గంటసేపు సొంత ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. సొంత అంటే కంపెనీ ఫీజు కట్టే లాయరు కాదు. నిజం చెప్పే క్రమం తప్పితే, నిజం చెప్పినవాడు ఒక్కడే ఇంటికి పోతాడు, రెజ్యూమె వండినవాడు ఇంకొకర్ని తెచ్చుకుంటాడు.

ఫ్రిస్కో పెద్దాయన:
ఇదీ వరస! నిజం చెప్పడానికి కూడా లాయరు కావాలి!

అట్లాంటా లెక్కల మాస్టారు:
పెద్దాయన గారికి ఎగతాళిగా ఉంది కాబట్టి, ప్రాక్సీ ఎలా బయటపడుతుందో ఇక్కడ మావాళ్ళందరికీ తెలిసిన ఒక కేసు రాస్తున్నాను. కంపెనీ పేరు అడక్కండి.

ఒకబ్బాయి బదులు ఇంకొకడు రెండు రౌండ్లు జవాబులు చెప్పాడు, ఒక బ్యాంకులో పని వచ్చింది. మొదటి రోజు స్టాండప్‌లో (రోజువారీ టీం మీటింగ్‌లో) అబ్బాయి నోరు విప్పగానే లీడ్‌కి గొంతు తేడా తెలిసింది. ఏమీ అనలేదు. 'ఇంటర్వ్యూలో క్యాష్ డిజైన్ బాగా చెప్పావు, అదే ఇక్కడ బోర్డు మీద గియ్యి' అన్నాడు. అబ్బాయి గియ్యలేకపోయాడు. మూడో రోజు లాగిన్ తీసేశారు. ఆ వారంలోనే అదే వెండర్ (కన్సల్టెన్సీ) పెట్టిన మిగతా ముగ్గుర్నీ, ఏ తప్పూ లేనివాళ్ళని కూడా, పంపేశారు.

గొంతు ఇచ్చినవాడి సంగతి తర్వాత తేలింది. అయిదు నెలలకి అదే బ్యాంకులో ఇంకో టీంకి తన సొంత ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఎదురుగా కూర్చున్నది పాత రౌండ్ తీసుకున్న మనిషే. రికార్డింగ్ వాళ్ళ దగ్గరే ఉంది. ఆ అయిదు నెలల్లో కన్సల్టెన్సీ చేసిందేమిటి? క్లయింట్ బిల్లు కట్టలేదని ఆ పంపేసిన ముగ్గురికీ ఆరు వారాల జీతం ఆపింది. ఒకడు మానేస్తానంటే 15,000 డాలర్ల బాండ్ కాగితం చూపించింది.

ఆ కాగితానికి చాలామంది వణికిపోతారు. ముందే మానేసినందుకు పెనాల్టీ వసూలు చెయ్యడానికి హెచ్-1బీ రూల్స్ ఒప్పుకోవు. నిజంగా అయిన నష్టాన్ని ముందే అంచనా వేసి రాసుకున్న పరిహారమైతే ఆ రాష్ట్రం చట్టాన్ని బట్టి చెల్లొచ్చు. ఏది ఏదో చూడాల్సింది లాయరు, మార్కెటింగ్ అన్న కాదు. హెచ్-1బీ పిటిషన్ ఫీజులు, దానికి లాయరు ఖర్చు కంపెనీవే. వాటిని బాండ్‌లో కలిపి వసూలు చెయ్యకూడదు. ఆ ముగ్గురిలో ఒకడు లేబర్ డిపార్ట్‌మెంట్‌లో డబ్ల్యూహెచ్-4 ఫారం పెట్టి ఆగిన జీతం అడిగాడు. తప్పు జరిగిన 12 నెలల్లోపే పెట్టాలి, అతను పదో నెలలో పెట్టాడు. మిగతా ఇద్దరూ ఊరుకున్నారు.

సన్నీవేల్ అన్నయ్య:
ఇంకోటి. సాయం అన్న మాట మనవాళ్ళని ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో గుర్తుందా? 2011 జనవరిలో ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగితే, చదువుతున్నామనుకున్న మన పిల్లల్లో కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు వేశారు. 2019 జనవరిలో మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు బయటికొచ్చింది. ఆ యూనివర్సిటీని నడిపింది ప్రభుత్వ ఏజెంట్లే. తోటివాళ్ళని అందులో చేర్పించి డబ్బు తీసుకున్న ఎనిమిది మంది మీద కేసు పెట్టారు. వాళ్ళూ మనవాళ్ళకి దారి చూపిస్తున్నాం అనే చెప్పుకుని ఉంటారు.

ఫ్రిస్కో పెద్దాయన:
దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకండి. అయినా మాస్టారు చెప్పిన ఆ కేసు విన్నాక ప్రాక్సీ వద్దనే అంటాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. కాదన్న మర్నాడు వీళ్ళు అబ్బాయిని తీసేస్తే? 60 రోజుల్లో సర్దుకుని పోవాలి. కాలేజీ పిల్లాడికి ఇచ్చే సలహా ఇల్లు అద్దెకి తీసుకున్నవాడికి ఇవ్వకండి.

ఎడిసన్ అక్క:
అది న్యాయమైన ప్రశ్న, ఒప్పుకుంటాను. కొంచెం సరిచేస్తాను. 60 రోజులు గానీ ఐ-94 (దేశంలో ఉండేందుకు ఇచ్చిన గడువు రికార్డు) తేదీ గానీ, ఏది ముందైతే అంతవరకే. లెక్క మొదలయ్యేది వాళ్ళు పిటిషన్ వెనక్కి తీసుకున్న రోజు నుంచి కాదు, ఉద్యోగం ఆగిన రోజు నుంచి. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే, అది అందగానే పనిలో చేరొచ్చు, అప్రూవల్ కోసం కూర్చోనక్కర్లేదు. గడువు ముగియకుండా వాళ్ళే తీసేస్తే ఇండియా టికెట్ ఖర్చు వాళ్ళది. పాస్‌పోర్ట్‌లో స్టాంపు వాళ్ళ చేతిలో లేదు. అయినా తమ్ముడూ, కాదని చెప్పే ముందే రెండు చోట్ల హెచ్-1బీ ట్రాన్స్‌ఫర్ (వేరే కంపెనీకి మారే) మాటలు మొదలుపెట్టు. ధైర్యం ఊరికే రాదు, మూడు నెలల అద్దె బ్యాంకులో ఉంటే వస్తుంది.

సన్నీవేల్ అన్నయ్య:
జీతంలో తేడా గురించి ఫిర్యాదు చేసినందుకు కక్ష కట్టి తీసేస్తే, అది రుజువు చెయ్యగలిగితే, స్టేటస్ పోయిన విషయాన్ని ఇమిగ్రేషన్ వాళ్ళు ప్రత్యేక పరిస్థితిగా చూడొచ్చు. కానీ అది ఎల్‌సీఏ ఉల్లంఘనకే. ప్రాక్సీ కాదన్నందుకు అదే రక్షణ ఉందనుకోవద్దు. అందుకే ఎల్‌సీఏ సంగతి ముందు చూడమని అక్క అన్నది.

షార్లట్ నుంచి:
ఫోన్ల మాట్లాడేది రికార్డ్ చేస్కో తమ్మీ. పనికొస్తది.

నేపర్‌విల్ హెచ్ఆర్:
ఆగండి! టెక్సస్‌లో మాట్లాడేవాళ్ళలో ఒకరికి తెలిస్తే చాలు. కాలిఫోర్నియాలో అందరి ఒప్పుకోలూ కావాలి, ఇక్కడ ఇల్లినాయ్‌లో కూడా అంతే. మార్కెటింగ్ అన్న ఏ రాష్ట్రంలో కూర్చున్నాడో తెలియకుండా రికార్డ్ చెయ్యొద్దు. ఫోన్ అవ్వగానే తేదీ, టైము, అన్న మాటలు రాసిపెట్టుకోవడం ఎక్కడైనా తప్పు కాదు. వాళ్ళకి జవాబు మాత్రం మెసేజ్‌లోనే ఇవ్వు. వాళ్ళు ఫోన్ చేస్తూనే ఉంటారు, నువ్వు మెసేజ్ పెడుతూనే ఉండు.

ఇర్వింగ్ కొత్తబ్బాయి:
అందరికీ దండాలు. ఎల్‌సీఏ కాపీ నా దగ్గర లేదు, ఇవాళ మెయిల్‌లో అడిగాను. డీఎస్-160 కన్ఫర్మేషన్ మెయిల్ దొరికింది, అందులో తేదీలు నిజమైనవే. అన్నకి ఇలా పెడదామనుకుంటున్నాను:

'అన్నా, శుక్రవారం ఇంటర్వ్యూలో వేరేవాళ్ళ బదులు నేను జవాబులు చెప్పను. ఇకముందు కూడా చెప్పను. ఆ తమ్ముడికి కావాలంటే బుధ, గురువారాలు సాయంత్రం రెండేసి గంటలు మాక్ ఇంటర్వ్యూ చేస్తాను. స్ప్రింగ్, ఎస్‌క్యూఎల్ ఎక్కడ తడబడతాడో చెబుతాను.'

బాగుందా?

అట్లాంటా లెక్కల మాస్టారు:
బాగుంది. క్షమించు, ఏమీ అనుకోకు లాంటివి చేర్చకు. ఒకటి చూసుకో, ఆ ఇంటర్వ్యూ నువ్వు పనిచేసే క్లయింట్ దగ్గరే అయితే మాక్ కూడా వద్దు. లోపలివాడివి కాబట్టి వాళ్ళ ప్రశ్నలు, వాళ్ళ సిస్టం నీకు తెలుసు, అవి నోటి నుంచి జారతాయి.

ఇర్వింగ్ కొత్తబ్బాయి:
వేరే క్లయింట్ అండి. పంపేశాను. 'సరే చూద్దాం' అన్నాడు. పది నిమిషాలకి ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. తన రెజ్యూమెలో ఏముందో తనకే తెలియదట, ఇప్పటిదాకా పంపలేదట.

ఎడిసన్ అక్క:
అయితే బుధవారం మొదటి అరగంట జావా వద్దు. ఆ రెజ్యూమె అడిగి తెప్పించుకోమను, ఇద్దరూ కూర్చుని వాక్యం వాక్యం చదవండి. తను చెయ్యనిది ప్రతిదీ తనే కొట్టేయాలి. అతను ఓపీటీ (చదువయ్యాక విద్యార్థులకిచ్చే పని అనుమతి) మీదా, హెచ్-1బీ మీదా? స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ చదువులవాళ్ళ) ఓపీటీ అయితే ఐ-983 (ట్రైనింగ్ ప్లాన్ ఫారం) మీద అతని సంతకం ఉంటుంది, దాని కాపీ కూడా తెమ్మను.