రెక్కకు మాంజా చుట్టుకున్న గద్ద, ఏం చేయాలి?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. పొద్దున డాబా మీద గద్ద పడి ఉంది. నైలాన్ మాంజా ఎడమ రెక్క చర్మంలోకి దిగిపోయింది. నెత్తురు గడ్డకట్టి ఈకలు అతుక్కుపోయాయి. నీళ్లు పట్టనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తువ్వాలు కప్పి పట్టుకోండి, గోళ్లు జాగ్రత్త. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచండి. దారం మాత్రం లాగొద్దండీ! వేలాడేది కత్తిరించి, లోపలిది డాక్టరుకే వదిలేయండి. ఎనిమిది సంక్రాంతులుగా ఈ పనిలో ఉన్నాను, లాగడం వల్ల తెగిన కండరాలు ఎన్నో చూశాను.

ఇంకొకరు: అటవీశాఖకూ ఫోన్ చేయండి. ఈ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) దేశమంతటా నిషేధించింది. ఇంకా అమ్ముతున్నారంటే కడుపు మండిపోతోంది.

అడిగినవారు: పెట్టెలో పెట్టి మూత వేయగానే కొట్టుకోవడం ఆపింది. ఆసుపత్రికి బయల్దేరాం.