ఎనిమిదో తరగతి పాప ఖోఖో మానేస్తానంటోంది, ఏం చేయాలి?

నర్సంపేట టైలరమ్మ
అందరికీ నమస్తే. మా పాప జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. పోయినేడు స్కూల్ ఖోఖో టీమ్‌లో ఉంది, మండల స్థాయి పోటీలకు కూడా పోయొచ్చింది. అప్పట్లో ఇంటికొస్తే మోకాళ్ల నిండా మట్టి, నోటి నిండా ముచ్చట్లు. ఈ ఏడు బడి తెరిచినప్పటి నుంచి గ్రౌండ్ మొహం చూడట్లేదు. "నాకు రాదు, నేను లావైపోయాను, అందరూ నవ్వుతారు" అంటోంది. పెద్దమనిషి అయిన పిల్లకు ఇంకా ఈ ఉరుకులాటలేంటని మా అత్తమ్మ ఓ పక్క. సింధు మ్యాచ్‌లు ఫోన్లో పెట్టి చూపించాను. "ఆమె సింధు మమ్మీ, నేనెవర్ని?" అని లేచి వెళ్లిపోయింది. బలవంతం చేయడం ఇష్టం లేదు. అట్లని వదిలేయాలనీ లేదు. ఆట మానేశాక క్లాసులో చెయ్యి ఎత్తడం కూడా మానేసిందని టీచర్ చెప్పారు. ధైర్యం ఎట్లా తెప్పించాలి?

ఇద్దరు పిల్లల నాన్న
ఆట పోతే పోనీయండమ్మా. రెండేళ్లలో టెన్త్. స్పోర్ట్స్ కోటా అని ఆశపడి అటూ ఇటూ కాకుండా పోయినవాళ్లను మా బంధువుల్లోనే చూశాను. సాయంత్రం ట్యూషన్ పెట్టించండి. మార్కులొస్తే ధైర్యం అదే వస్తుంది.

పీఈటీ మేడమ్
అన్నగారూ, ఈమె కోటా అడగలేదు. క్లాసులో చెయ్యి ఎత్తే పిల్ల మళ్లీ కావాలంటున్నారు. అది ట్యూషన్‌తో వస్తుందని నాకు నమ్మకం లేదు.

అమ్మా, నేను ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. సరిగ్గా ఈ వయసులో, వేసవి సెలవులయ్యాక గ్రౌండ్ నుంచి మాయమయ్యే ఆడపిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. "నాకు రాదు" అన్నది పెద్దవాళ్లకు చెప్పుకోదగ్గ కారణం. చెప్పుకోలేనిది వేరే ఉంటుంది, చాలాసార్లు అది బట్టల గురించే. మీ బడిలోనూ శనివారం తెల్ల డ్రెస్సేనా? తెల్ల ప్యాంటు వేసుకుని గళ్లలో కూర్చోవాలి, లేవాలి, వంగాలి, పోల్ దగ్గర డైవ్ కొట్టాలి. వెనక మరక పడిందేమో అన్న టెన్షన్‌తో ఏ పిల్ల ఉరుకుతుంది? ఇది మన ఊళ్ల గొడవ మాత్రమే అనుకోకండి. అంతా తెల్లబట్టలే అని పట్టుబట్టే వింబుల్డన్ కూడా 2023 నుంచి ఆడవాళ్లు స్కర్టు లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చని ఒప్పుకుంది. మీరు టైలరింగ్ చేస్తారు కాబట్టి నేవీ బ్లూ ట్రాక్ ప్యాంటు ఒకటి కుట్టి, ఆట రోజు అది వేసుకోనివ్వమని పీఈటీ సార్‌ను అడగండి. ప్యాడ్ మార్చుకోవడానికి బడిలో నీళ్లున్న టాయిలెట్ ఉందో లేదో కూడా చూసి రండి.

ఆయాసం వస్తోందేమో గమనించండి. రక్తం తక్కువున్న పిల్ల నాలుగడుగులకే అలిసిపోయి, తను లావు కాబట్టే అనుకుంటుంది. బడిలో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతోందో, పారేస్తోందో కనుక్కోండి. అనుమానంగా ఉంటే పీహెచ్‌సీలో పరీక్ష చేయిస్తే సరిపోతుంది.

ఇక ధైర్యం సంగతి. "నువ్వు చేయగలవు" అని నేను పిల్లలకు చెప్పను. పని ఇస్తాను. తిరిగొచ్చిన పిల్లను వెంటనే మ్యాచ్‌లోకి దింపకుండా, వరసలో కూర్చోబెట్టి ఖో ఇప్పించడం, తీసుకోవడం మాత్రమే చేయిస్తాను. వెనక నుంచి చేత్తో తాకాలి, ఖో అని గట్టిగా అనాలి. తాకకముందే అంటే ఫౌల్. గొణిగితే ఎవరూ లేవరు. హాజరు పలికేటప్పుడు గొంతు పెగలని పిల్లలు కూడా ఇక్కడ అరుస్తారు, అరవకపోతే ఆట ఆగిపోతుంది కాబట్టి. ఎటు తిరగాలో, ఎవరికి ఖో ఇవ్వాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. ఒకసారి దిశ పట్టాక పోల్ దాకా వెళ్లకుండా వెనక్కి తిరగడానికి లేదు. లావైన పిల్ల కూడా ఈ లెక్క పట్టుకుంటే టీమ్‌కు పనికొస్తుంది. ఆ సంగతి మనం చెప్పనక్కర్లేదు, టీమ్ పిల్లలే వచ్చి పిలుచుకుపోతారు.

అత్తమ్మగారిని ఒక సాయంత్రం గ్రౌండ్‌కు తీసుకెళ్లండి. ఆమె చిన్నప్పుడు ఏం ఆడేవారో పాపనే అడగమనండి.

సిక్కోలు పిల్ల
మాది ఆమదాలవలస వైపండి. కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట మా దగ్గరే, అందుకే ఆడపిల్ల బరువులెత్తితే ఇక్కడెవరికీ వింత కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తల పైకెత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ. పెద్దలు మాకు ఆ 240 చెప్పేవారు. నాకు 137.5 ఇష్టం. క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నంలో అన్ని కిలోలు ఎత్తబోయింది, లేవలేదు. ఆ ముక్క ఎవరూ చెప్పరు.

నేనూ స్కూల్లో బొద్దుపిల్లనే. వెయిట్‌లిఫ్టింగ్‌కి వెళ్తే అక్కడ లావా సన్నమా అని అడగలేదు, ఏ కేటగిరీ అని అడిగారు. ఖోఖో నచ్చకపోతే ఇంకో ఆట చూడనివ్వండి, బాక్సర్ నిఖత్ జరీన్ కూడా నిజామాబాద్‌లో మొదట పరుగులకే వెళ్లింది. ఆమె గురించి పాపకు చెప్పాలనుకుంటే 2022 ప్రపంచ టైటిల్ దగ్గర మొదలుపెట్టకండి, 2017లో భుజం గాయమై ఆట ఆగిపోయిన చోట మొదలుపెట్టండి.

నర్సంపేట టైలరమ్మ
మేడమ్, రాత్రి జడ విప్పుతూ మాటల్లో పెట్టి అడిగితే బయటపడింది. తెల్ల ప్యాంటే. దానికి తోడు గోడెక్కి కూర్చుని కామెంట్లు చేసే పెద్ద క్లాసు పిల్లగాళ్లు. నేవీ బ్లూ కట్ చేశాను, మోకాళ్ల దగ్గర రెండు పొరలు వేస్తున్నాను. వెళ్తానని ఇంకా అనలేదు కానీ, దానికి జేబు పెట్టమంది. షూ కూడా కొనాలా?

పీఈటీ మేడమ్
జేబు పక్కకు పెట్టండి, ముందుంటే డైవ్ కొట్టినప్పుడు ఒత్తుకుంటుంది. షూ ఇప్పుడే వద్దు, మట్టి గ్రౌండ్‌లో మా పిల్లలు చాలామంది ఒట్టి కాళ్లతోనే ఆడతారు. గోడ మీది వాళ్ల సంగతి మీరే వెళ్లి హెడ్మాస్టర్‌తో మాట్లాడండి. పాపతో ఫిర్యాదు చేయించకండి.