ముహమ్మద్ ఈసా 11 గోల్స్‌ను సునీల్ ఛెత్రి గోల్స్ పక్కన పెట్టి తూచవచ్చా?

కార్నర్ జెండా:
2005 జూన్ 12న క్వెట్టాలోని అయూబ్ స్టేడియంలో భారత్, పాకిస్తాన్ ఫుట్‌బాల్ జట్లు 1–1తో సమంగా నిలిచాయి. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రికి జాతీయ జట్టు తరఫున అదే తొలి మ్యాచ్, మన గోల్ కూడా అతనిదే. ఆ సంబరంలో తాను పరుగెత్తింది పాకిస్తాన్ అభిమానుల వైపేనని అతను తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. ఆట ముగింపు దగ్గరపడ్డాక స్కోరు సమం చేసినవాడు బలూచిస్తాన్‌లోని చమన్ పట్టణం నుంచి వచ్చిన ముహమ్మద్ ఈసా. అదే సిరీస్‌లో కొద్ది రోజులకే లాహోర్‌లో పాకిస్తాన్ 3–0తో గెలిచిన మ్యాచ్‌లోనూ ఈసా గోల్ ఉంది.

ఆ తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఛెత్రి 2024 జూన్‌లో వీడ్కోలు పలికేనాటికి 151 మ్యాచ్‌ల్లో 94 గోల్స్ కొట్టాడు, మరుసటి ఏడాది తిరిగివచ్చి ఇంకొకటి చేర్చాడు. పాకిస్తాన్‌కు కెప్టెన్‌గా కూడా ఉన్న ఈసా 11 గోల్స్‌తో 2009లో అంతర్జాతీయ ఆటకు దూరమయ్యాడు. ఈ అంకెలు చూపించి ‘ఈసా ఒక్క సిరీస్‌లో మెరిసిన మామూలు ఆటగాడు’ అని తేల్చేస్తున్నారు. ఆ తీర్పు అన్యాయమని నా వాదన. ఈ అంకెలు చెబుతున్నది ఇద్దరి ప్రతిభలో తేడా కంటే, రెండు దేశాలు తమ ఆటగాళ్లకు ఇచ్చిన అవకాశాల్లో తేడా.

సికింద్రాబాద్ వాసి:
కార్నర్ జెండా గారూ, ఛెత్రి మా ఊరివాడన్న మమకారంతో ఈ మాట అనడం లేదు. స్ట్రైకర్ పని గోల్ కొట్టడం, దానికి లెక్క తప్ప వేరే కొలమానం ఏముంటుంది? భారత ఫుట్‌బాల్ కూడా ఆ రోజుల్లో పూలపాన్పు మీద లేదు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నడిపిన 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ సంగతే చూడండి. ఢిల్లీలో జరిగిన ఫైనల్లో తజికిస్తాన్‌పై ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు, 4–1తో గెలిచిన భారత్ 2011 ఆసియా కప్‌కు వెళ్లింది. ఆ తలుపు పాకిస్తాన్‌కూ తెరిచే ఉంది. కానీ అదే ఏడాది ఏప్రిల్‌లో తైవాన్‌లోని తైపీలో జరిగిన అర్హత పోటీల్లో వాళ్లు శ్రీలంక చేతిలో 1–7తో ఓడారు, గ్వామ్‌పై 9–2తో గెలిచినా అది అక్కరకు రాలేదు. అవకాశం వచ్చినప్పుడు అందుకోలేకపోవడాన్ని కూడా వ్యవస్థ ఖాతాలోనే రాస్తామా?

కార్నర్ జెండా:
తైపీ ఓటమిని నేను దాచిపెట్టను, అది ఘోరమైన ఓటమే. కానీ ఏడు గోల్స్ ఇచ్చుకున్న జట్టు గురించి మాట్లాడుతూ ఆ బరువంతా ముందు వరుస ఆటగాడి మీద వేయడం సబబు కాదు.

అసలు విషయం క్లబ్ ఆటలో ఉంది. మన దేశంలో జాతీయ లీగ్ 1996లోనే మొదలైంది. పాకిస్తాన్‌లో ఇంటా బయటా మ్యాచ్‌లతో దేశవ్యాప్త లీగ్ 2004లో గానీ రాలేదు. వచ్చాక కూడా అందులో సింహభాగం డిపార్ట్‌మెంట్ జట్లదే: విద్యుత్, జలవనరుల సంస్థ వాప్డా, సైన్యం, ఈసా ఆడిన టెలికాం సంస్థ పీటీసీఎల్, పరిశోధన సంస్థ కేఆర్‌ఎల్ లాంటివి. ఆటగాడు అక్కడ ఉద్యోగి. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, పేద ఇంటి కుర్రాడికి అది చిన్న భరోసా కాదు, అందుకే ఆ పద్ధతిని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ జట్టుకు టికెట్ల రాబడి ఉండదు, ఆటగాడిని మంచి ధరకు మరో క్లబ్‌కు పంపే ఆలోచన ఉండదు, విదేశీ క్లబ్‌లతో మాట్లాడిపెట్టే ఏజెంట్లు ఆ ఛాయలకే రారు. ఛెత్రి మోహన్ బగాన్‌లో మొదలుపెట్టి, వేలమంది చూస్తుండగా కోల్‌కతా పోటీల ఒత్తిడిలో రాటుదేలి, 2010లో అమెరికాలోని కాన్సస్ సిటీ దాకా వెళ్లగలిగాడంటే, ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు అతని ముందు ఉంది. ఈసాకు డిపార్ట్‌మెంట్ జట్టు తర్వాత ఎక్కడానికి మెట్టే లేదు.

చమన్ అఫ్గాన్ సరిహద్దు మీది చిన్న పట్టణం, అవతలి పక్క స్పిన్ బోల్దక్. అంత చిన్న ఊరు నుంచి అఫ్గాన్ ఎఫ్‌సీ, ముస్లిం ఎఫ్‌సీ అని రెండు క్లబ్‌లు జాతీయ లీగ్ దాకా వచ్చాయి. అక్కడి ఫుట్‌బాల్ పిచ్చిని కొలవడానికి ఇంకేం కావాలి!

హాఫ్‌లైన్:
మెట్టే లేదంటున్నారు కాబట్టి అదే చమన్‌కు చెందిన కలీముల్లా ఖాన్ ప్రస్తావన తేవాలి. అతనూ డిపార్ట్‌మెంట్ జట్టు కేఆర్‌ఎల్ ఆటగాడే. 2012–13 లీగ్‌లో 35 గోల్స్ కొట్టాడు, కిర్గిజ్‌స్తాన్ వెళ్లి 2014లో దోర్దోయ్ బిష్కెక్ క్లబ్‌తో లీగ్ గెలిచాడు, 2015లో అమెరికాలోని శాక్రమెంటోకు చేరాడు. ఒకడు దాటగలిగిన గోడను ఇంకొకడు దాటలేకపోతే తప్పంతా గోడదే అనలేం కదా.

కార్నర్ జెండా:
హాఫ్‌లైన్ గారూ, ఆ ఉదాహరణను చివరిదాకా చదివితే అది నా పక్షానే నిలుస్తుంది. 2015 మార్చిలో కలీముల్లా వయసు 22. ప్రపంచకప్ అర్హత పోటీలో యెమెన్‌తో పాకిస్తాన్ సొంతగడ్డపై ఆడాల్సిన మ్యాచ్, లాహోర్ చర్చిలపై బాంబు దాడుల తర్వాత, బహ్రెయిన్‌కు తరలిపోయింది. ఆ వెంటనే పాకిస్తాన్ ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నికల గొడవ కోర్టుకెక్కింది, 2017 అక్టోబరులో ఫిఫా ఆ సమాఖ్యను సస్పెండ్ చేసింది. 2018 సెప్టెంబరు దాకా సీనియర్ జాతీయ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. స్ట్రైకర్‌కు వయసు కలిసివచ్చే మూడున్నరేళ్లు అలా గాలికి పోయాయి. అతని అంతర్జాతీయ గోల్స్ లెక్కలో ఆ ఖాళీ ఎవరికి కనిపిస్తుంది? క్లబ్ గోడ దాటినవాడికి దేశం తరఫున ఆడే మ్యాచే లేకుండా పోయింది.

సికింద్రాబాద్ వాసి:
ఆ మూడున్నరేళ్ల విషయంలో మీతో పేచీ లేదు. కానీ అది ఈసా కాలం కాదు. ఈసా ఆడిన రోజుల్లో జట్టు ఆడుతూనే ఉంది. కాబట్టి పోలిక ఛెత్రితో వద్దనుకుంటే మాల్దీవుల స్ట్రైకర్ అలీ అష్ఫాక్‌తో పెట్టండి. మాల్దీవుల జనాభా మన ఒక్క జిల్లాకు కూడా సరిపోదు, అయినా అతను 50కి పైగా గోల్స్ కొట్టాడు, 2008లో ఫైనల్లో భారత్‌ను ఓడించి దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. దానికి మీ జవాబేమిటి?

కార్నర్ జెండా:
అష్ఫాక్ గొప్పవాడే, వాదన లేదు. కానీ మాల్దీవుల్లో ఫుట్‌బాల్ మొదటి ఆట, అతను దాదాపు ఇరవై ఏళ్లు దేశానికి ఆడుతూనే ఉన్నాడు. పాకిస్తాన్‌లో క్రికెట్, హాకీ తర్వాత మిగిలినదే ఫుట్‌బాల్‌కు. ప్రపంచకప్ అర్హత పోటీల్లో ఆ దేశం తన తొట్టతొలి విజయం చూసింది 2023 అక్టోబరులో, ఇస్లామాబాద్‌లో కాంబోడియాపై 1–0తో. ఈసా మాత్రమే కాదు, అతనికి ముందూ వెనకా అప్పటిదాకా ఆడిన పాకిస్తాన్ స్ట్రైకర్లలో ఒక్కరి గోలూ ఆ పోటీల్లో జట్టును గెలిపించలేదు. అందరూ ఒకేసారి మామూలు ఆటగాళ్లయ్యారని మీరు నమ్మగలరా?