కందుకము వోలె సుజనుడు: ‘మీదికి’ తర్వాత ఏ అక్షరం?

రేగడిచేను:
2024–25 మహిళల ఛాంపియన్స్ లీగ్ సీజన్ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. హ్యాండ్‌బాల్ సంగతి. అందులో నా మనసంతా ఒక గోల్‌కీపర్ మీదే ఉంది. నార్వే అమ్మాయి కాత్రీనె లుండె. అమ్మాయి అన్నాను గానీ 1980లో పుట్టింది. ఆమె అప్పుడు ఆడుతున్న వైపర్స్ క్లబ్బు ఆమె సొంత ఊరు క్రిస్టియాన్‌సాండ్‌దే. 2021, 2022, 2023లో వరసగా మూడుసార్లు ఇదే ఛాంపియన్స్ లీగ్ గెలిచిన ఆ క్లబ్బు 2025 జనవరిలో, సీజన్ నడుమ, దివాలా తీసింది. లీగ్ పట్టికలోంచే పోయింది. ఆమె మాత్రం ఆగలేదు. డెన్మార్క్ వెళ్లి ఓడెన్సె జట్టులో చేరింది, అదే సీజన్‌లో జూన్ 1న బుడాపెస్టులో ఫైనల్ ఆడింది. అప్పటికి 45 ఏళ్లు. హంగరీ జట్టు గ్యోర్ 29–27తో గెలిచింది, అది వేరే మాట.

ఇది రాస్తుంటే బళ్లో చదివిన పద్యం నోట్లో తిరుగుతోంది. మంచివాడు కందుకంలా, అంటే బంతిలా, కిందపడ్డా మళ్లీ పైకి లేస్తాడని.

కందుకము వోలె సుజనుడు
గ్రిందంబడి మగుడ మీదికి నెగయు జుమీ

ఎన్నిసార్లు చదివినా ‘మీదికి’ దాటగానే నడక కుంటుపడుతోంది. ఒక అక్షరం ఎక్కడో జారిపోయింది. పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే చూసి చెప్పండి.

నలగగ:
ప్రతి అక్కర్లేదండీ, గణాలే చెబుతాయి. ఇది కందం, ఒక్కో గణానికీ నాలుగు మాత్రలు; లఘువుకు ఒకటి, గురువుకు రెండు. గ్రిందం, బడిమగు, డమీది. మొదటి పాదం మూడూ కలుపుకుంటే ఆరో గణం జగణం, బాగానే కూర్చుంది. ఆ తర్వాత మీరు రాసినట్టయితే ‘కినెగయు’ నలం, ఇక మిగిలింది ‘జుమీ’. మూడు మాత్రలతో పాదం ముగియదు. ‘మీదికిన్నెగయు’ అని చదవండి. కిన్నెగ భగణం, యుజుమీ సగణం. యతి కూడా గ్రి–కి, చక్కగా ఉంది.

కావేరిగట్టు:
మీదికిన్ + ఎగయు అయితే మీదికినెగయు అవుతుంది తప్ప జంట నకారం ఎక్కణ్ణుంచి వస్తుంది? ‘ఎగయుం జుమీ’ అని నిండుసున్న పెట్టి చదవండి, మాత్రలు సరిపోతాయి. కి, నె, గ, యుం, జు, మీ. ఎనిమిది. అచ్చులో అరసున్న పెట్టినవాళ్ల వల్ల వచ్చిన చిక్కు ఇది.

నలగగ:
మొత్తం ఎనిమిదే, కాదనను. కానీ నాలుగు దగ్గర తెగాలి కదా. కినెగ మూడు, యుం రెండు. గణం సరిహద్దు గురువు నడి మధ్యలో పడింది. కందంలో మాత్రల మొత్తం సరిపోతే చాలదు, చతుర్మాత్రలుగా విరగాలి. జంట నకారం ఎక్కణ్ణుంచి అన్నారు. ధాతువు ‘ఎగయు’ కాదు, ‘నెగయు’. నిఘంటువుల్లో రెండూ ఉన్నాయి. మీదికిన్ + నెగయు.

కావేరిగట్టు:
‘నెగయు’ వేరే ధాతువా, లేక ద్రుతం (మాట చివర చేరే నకారం) అంటుకుని పుట్టిన రూపమా? ‘నింగికి నెగసె’, ‘మింటికి నెగసె’ అని విని విని జనం న-ని క్రియకు తగిలించేశారని నా అభిప్రాయం. అదే నిజమైతే ఇక్కడ ద్రుతం రెండుసార్లు లెక్కకొచ్చినట్టు.

నలగగ:
ఆ ఉదాహరణల్లో రెండిటికీ ముందు ‘కి’ ఉంది కాబట్టి అవి మీ పక్షానికీ సాక్ష్యం కావు, నా పక్షానికీ కావు. కళ (చివర ద్రుతం రాని మాట) తర్వాతో, పాదం మొదట్లోనో ‘నెగసె’ కనిపించిన చోటు కావాలి. ప్రాసస్థానంలో దొరికితే మరీ మంచిది.

ఏడుమీటర్లు:
అయ్యలారా, నేను పిల్లలకు హ్యాండ్‌బాల్ నేర్పేవాణ్ణి. ఛందస్సు నాకు అంతగా పట్టదు గానీ బంతి సంగతి తెలుసు. మహిళల బంతి చుట్టుకొలత 54 నుంచి 56 సెంటీమీటర్లు, బరువు 325 నుంచి 375 గ్రాములు. యూరప్ క్లబ్బుల్లో వేళ్లకు రెజిన్ అనే జిగురు పూసుకుని ఆడతారు. ఆ జిగురు బంతికి పట్టేకొద్దీ నేలకు కొట్టి పరుగెత్తడం కష్టం, అందుకే చేతి నుంచి చేతికి అందించుకోవడం ఎక్కువ. బంతి చేత పట్టుకుని మూడడుగులు, మూడు సెకన్లు, అంతే. ఇక గోల్‌కీపర్‌ను నిజంగా బాధపెట్టేది బౌన్స్ షాట్. ఆమె కాళ్ల ముందు నేలకు తగిలి లేస్తుంది. ఎంత ఎత్తుకు లేస్తుందో కొట్టిన బలాన్ని బట్టి, వాలును బట్టి ఉంటుంది.

అందుకే నాకు అర్థం దగ్గరే అనుమానం. ‘క్రిందంబడి’ అంటున్నాడు. దానంతట అది పడిన బంతి ఏమంత ఎగురుతుంది? కొట్టిన బంతి కదా ఎగిరేది? లుండె కథలో కూడా ఆమె తనంతట తాను పడలేదు. క్లబ్బు కూలి ఆమెను పడేసింది.

పాతపుస్తకం:
మీరు అడిగిన బంతి మరో శ్లోకంలో ఉంది మాష్టారూ. భర్తృహరి నీతిశతకంలో కందుకం రెండుచోట్ల వస్తుంది. ఒకటి మట్టిముద్దతో పోల్చింది. ఏనుగు లక్ష్మణకవి పేరుతో మనం చదువుకున్నది దానికి తెలుగే. రెండోది ‘పాతితోఽపి కరాఘాతైః’ అని మొదలవుతుంది. చేతి దెబ్బలతో కిందికి కొట్టినా బంతి పైకి లేవనే లేస్తుంది, మంచి నడవడి గలవారి ఆపదలు సాధారణంగా నిలిచేవి కావు, అని. పాతితః, అంటే పడవేయబడినది. కరాఘాతం, చేతి దెబ్బ. హ్యాండ్‌బాల్ మీద వ్యాసానికి ఇంతకంటే దగ్గరి శ్లోకం దొరకదు. రేగడిచేను గారు తప్పు పద్యం వెంట పడ్డారని నా మాట.

రేగడిచేను:
ఇది నాకు పెద్ద కానుక, పాతపుస్తకం గారూ. కానీ నోట్లో తిరుగుతున్నది కందమే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రెండో సగం,

మందుడు మృత్పిండమువలె
గ్రిందంబడి యడగియుండు గృపణత్వమునన్

ఇది వ్యాసంలో పెట్టాలంటే చెయ్యి ఆడటం లేదు. ఒకవైపు లుండెను కందుకం అంటే, చదివేవాళ్లు వైపర్స్‌ను మట్టిముద్ద అనుకుంటారు. ఆ క్లబ్బులో ఆడిన పిల్లలు మందమతులు కారు. 2021లో బ్రెస్ట్ మీద 34–28, 2022లో గ్యోర్ మీద 33–31, 2023లో ఫెరెన్‌త్స్‌వారోష్ మీద 28–24. మూడు ఫైనళ్లూ నార్వేలో చిన్న పట్నం నుంచి వచ్చి గెలిచినవి. డబ్బు చాలక మూతపడింది. దాన్ని పట్టుకుని ‘కృపణత్వం’ అంటే నోరు రాదు.

కావేరిగట్టు:
కృపణత్వం అంటే ఇక్కడ పిసినారితనం కాదు, దైన్యం. ‘కృపణ’కు ఆ అర్థమే ముందుది. దైన్యంతో అణగి ఉండటం అనుకుంటే అంత కటువుగా ఉండదు. అయినా సగం పద్యం ఎత్తి రాయడం నాకు నచ్చదు. రెండు పాదాలు వాడుకుని రెండు దాచేస్తే కవి చెప్పిన తూకం పోతుంది. పెడితే నాలుగూ పెట్టండి, లేదా కరాఘాత శ్లోకానికి పొండి.

ఏడుమీటర్లు:
అసలు కందుకం లుండె కాదు, గ్యోర్ అంటాను. 2016 ఫైనల్ ఏడు మీటర్ల త్రోల (పెనాల్టీల) దాకా పోయి బుకారెస్ట్ చేతిలో ఓడారు. తర్వాత 2017, 2018, 2019 వరసగా గెలిచారు. మొదటి రెండూ అదనపు సమయంలో, వార్దార్ మీద ఒక్కొక్క గోల్ తేడాతో. 2019లో రొస్తోవ్ మీద 25–24, అదీ ఒక్క గోలే. 2020లో కోవిడ్ వల్ల ఫైనల్ ఫోర్ జరగనే లేదు. 2021 సెమీస్‌లో బ్రెస్ట్ మళ్లీ ఏడు మీటర్ల దగ్గరే పడేసింది. 2022 ఫైనల్ పోయింది. 2024లో మళ్లీ లేచి బీటిగ్‌హైమ్ మీద 30–24, ఆపైన ఈ 2025. ఏడో టైటిల్. పడటం, మగుడ లేవటం అంటే ఇది.

రేగడిచేను:
లెక్క ఒప్పే. కానీ గ్యోర్ వెనక ఆడి కార్ల కంపెనీ ఉంది, జట్టు పేరులోనే ఆ పేరుంది. పడినప్పుడు ఎత్తే చేతులు ఉన్నాయి. లుండెకూ ఏడు టైటిళ్లే ఉన్నాయి మాష్టారూ. వీబోర్‌తో 2009, 2010. మీ గ్యోర్‌తోనే 2013, 2014. వైపర్స్‌తో మూడు. మూడు దేశాల క్లబ్బులు. పద్యంలో ‘సుజనుడు’ అన్నాడు, సంస్థ అనలేదు.

బమ్మెరబాట:
కందుకం అనగానే మీరంతా నీతిశతకం దగ్గర ఆగిపోయారు. ఆడది బంతాడటం మన సాహిత్యంలో ఎక్కడుందో గుర్తు చేసుకోరా? భాగవతం అష్టమస్కంధం. పాలసముద్రం కథ అయ్యాక శివుడు హరి దగ్గరికి వచ్చి ఆ మోహినీరూపం నాకూ చూపించమంటే, తోటలో బంతాడుతూ కనిపిస్తుంది. పోతన్న ఆ ఘట్టంలోకి దిగాడంటే పద్యం తనే బంతి అయిపోతుంది. కందాలు, వచనాలు ఎలా మార్చి మార్చి వేస్తాడో చూడండి. బంతి లేచినప్పుడు మాటలు లేస్తాయి, పడినప్పుడు పడతాయి. నేను ఆ ఘట్టం మొత్తం నోటికి పట్టాను. దాని పక్కన ఈ మృత్పిండాలు, మందమతులు పెట్టి చూడలేను.

అభినవపాఠకి:
పోతన్న మీద నాకూ అంత ప్రేమే ఉంది. కానీ ఆ ఘట్టాన్ని ఈ వ్యాసం దగ్గరికి తేవద్దని బతిమాలుకుంటున్నాను. అక్కడ బంతి ఎందుకు ఉంది? చూసేవాడి కోసం. మూలంలో అది ఆమె చేతి కొసనుంచి జారి దూరంగా పోతుంది, ఆమె వెంటపడుతుంది, గాలికి చీర తొలగుతుంది, శివుడి మనసు పోతుంది. బంతి ఎటు పోయిందో ఆపైన ఎవరికీ పట్టదు. 20,000 మంది పట్టే బుడాపెస్టు హాల్లో ఆడే ఆడవాళ్ల గురించి రాసేటప్పుడు ఆ చూపు పనికిరాదు.

బంతాట తెలిసి రాసినవాడు కావాలంటే దండి. దశకుమారచరితంలో మిత్రగుప్తుడి కథ, దామలిప్తంలో రాకుమారి కందుకావతి, అమ్మవారి కోసం చేసే కందుకనృత్యం. అందులో మధ్యలయ, విలంబితం, ద్రుతం అని దెబ్బల వేగం చెబుతాడు, ఒక్కో కొట్టుడుకీ పేరు పెడతాడు. చూసేవాడు అక్కడా ప్రేమలో పడతాడు, నిజమే. కానీ ముందు ఆట చూశాడు. కేతన దాన్ని తెలుగు చేశాడు కదా, ఆ భాగం మూలంతో పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

బమ్మెరబాట:
అమ్మా, భక్తి కావ్యంలో మాయను మాయగా చూపించాలి. శివుడంతటివాడే నిలవలేకపోయాడని చెప్పడం అక్కడ పని. ఆట వర్ణన కాదని పోతన్నను తక్కువ చేయకండి.

అభినవపాఠకి:
తక్కువ చేయలేదండీ. అది మాయ కథ, ఇది ఆట కథ అంటున్నాను. అంతకంటే మరేం లేదు.

ఏడుమీటర్లు:
దెబ్బలకు పేర్లు పెట్టాడా! ఆ పేర్లు ఏమిటో ఎవరైనా చెబితే రేపటి నుంచి మా పిల్లలకు అవే వాడతాను. ఇప్పుడు జంప్ షాట్, బౌన్స్ షాట్, లాబ్ అనే అంటున్నాం.

అభినవపాఠకి:
చూర్ణపదం అని ఒకటి, గీతమార్గం అని ఇంకొకటి. చూర్ణపదం లయ మార్చి మార్చి కొట్టే దగ్గర వస్తుంది. వ్యాఖ్యానాలు చూసి రాస్తాను, తొందరపడి అర్థం చెప్పను.

కావేరిగట్టు:
మనం ‘నెగయు’ దగ్గర ఉన్నాం. ఛందస్సు కోసం ద్రుతాన్ని జంట చేసుకున్నాడు, ధాతువు ఎగయునే, అని నా మాట. దీన్ని ఎవరూ ఇంకా కొట్టేయలేదు.

నలగగ:
కొట్టేయాల్సిన పని లేదు. ‘నెగయు’ నిఘంటువులో ఉండగా దాన్ని వదిలేసి, కవి వ్యాకరణం తప్పాడనడానికి మీరే ఆధారం చూపాలి. గసడదవలు కూడా శ్రద్ధగా పాటించిన పద్యం అది. ‘సుజనుడు’ తర్వాత క్రింద కాస్తా గ్రింద అయింది. అంత జాగ్రత్త ఉన్నవాడు పక్కనే ద్రుతాన్ని ఊరికే సాగదీస్తాడా?

కావేరిగట్టు:
గసడదవలు దిద్దింది కవో, పరిష్కర్తో మీకెలా తెలుసు?

పాతపుస్తకం:
అచ్చు ప్రతులు కాదు, తాళపత్ర పాఠాంతరాలు చూడాలి. ‘మీదికి నెగయు’ అని ఒక్క నకారంతో రాసి చదివేటప్పుడు జంట చేసేవాళ్లూ ఉంటారు. రాతను బట్టి తేలదు. లైబ్రరీకి ఈ నెలలో వెళ్లే పని ఉంది, ముగ్గురి అనువాదాలూ తీస్తాను. ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా ఇదే శ్లోకాన్ని ఎలా నడిపారో చూస్తే, ఎగయు అన్నారో నెగయు అన్నారో, అసలు ఆ మాటే వాడలేదో తెలుస్తుంది.

రేగడిచేను:
వ్యాసం ఎల్లుండికి ఇవ్వాలి. మొదటి రెండు పాదాలు జంట నకారంతో పెడుతున్నాను, కింద కరాఘాత శ్లోకం భావం రాస్తున్నాను. మట్టిముద్దను వదిలేస్తున్నాను. కావేరిగట్టు గారికి నచ్చదని తెలుసు.

కావేరిగట్టు:
నచ్చలేదు. మూడు నాలుగు పాదాలు లేకుండా ఆ కందుకం గాల్లోనే ఉండిపోతుంది. మీదికిన్నెగయు మాత్రం ప్రస్తుతానికి పెట్టుకోండి. పాతపుస్తకం గారూ, తిమ్మన ప్రతి దొరికితే ఆ పాదం ముందు ఇక్కడ పెట్టండి, మిగతావి తర్వాత.

ఏడుమీటర్లు:
కరాఘాత శ్లోకానికి తెలుగు పద్యం కూడా తీసుకురండి. అందులో ‘చేయి’ అన్నాడా, ‘కరము’ అన్నాడా?