మాగ్డెబర్గ్‌లో మొదటి వారాలు: కాగితాలయ్యే దాకా ఆగాలా, ఈ శనివారమే తిరగొచ్చా?

కొత్తగా వచ్చిన విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం జర్మనీలోని మాగ్డెబర్గ్ వచ్చి తొమ్మిది రోజులైంది. అన్మెల్డుంగ్‌కి, అంటే చిరునామా నమోదుకి, వచ్చే గురువారం అపాయింట్‌మెంట్ దొరికింది. బ్యాంకు, ఇన్సూరెన్స్ పనులు సగంలో ఉన్నాయి. క్లాసులు ఇంకా మొదలవలేదు. రోజుకి గంటో రెండు గంటలో పని, ఆ తర్వాత గదిలో ఫోన్ పట్టుకుని కూర్చోవడమే. మా ఫ్లాట్‌లో ఉన్న ముగ్గురూ శనివారం ఎక్కడికైనా వెళ్దామంటున్నారు. పేపర్లన్నీ చేతికొచ్చే దాకా ఊరు దాటకపోవడమే మంచిదని నా భయం. రైలు టికెట్ల సంగతీ అర్థం కావడం లేదు. ముందు నుంచీ ఇక్కడ ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

మూడేళ్లుగా ఇక్కడున్న ఒక అక్క

చెల్లీ, నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు. వెళ్లు. ఈ శనివారమే వెళ్లు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను వచ్చిన ఏడాది అచ్చం నీలాగే ఆలోచించాను. అన్ని పనులూ అయిపోయాక నిశ్చింతగా తిరగొచ్చనుకుని అక్టోబరంతా గదిలోనే ఉండిపోయాను. ఒక కాగితం వస్తే దాని వెనక ఇంకోటి. అన్నీ ఒక కొలిక్కి వచ్చేసరికి నవంబరు ఆఖరు. అప్పటికి ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, పైగా అసైన్‌మెంట్లు నెత్తి మీద ఉంటాయి. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ మర్నాటి నుంచే సాయంత్రం పూట మాయమైపోయినట్టు ఉంటుంది. నీ చేతిలో ఇప్పుడున్న ఈ నాలుగైదు వారాల వెలుతురు మళ్లీ మార్చి దాకా రాదు. నేను పోగొట్టుకున్నది నువ్వు పోగొట్టుకోకూడదనే ఇంత రాస్తున్నాను.

ముందు నీ భయం సంగతి. అన్మెల్డుంగ్ అనేది ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నీ చిరునామా నమోదు చేయించుకోవాలన్న నియమం. నీకు అపాయింట్‌మెంట్ ఉంది, నువ్వు ఆ ఇంట్లో ఉంటున్నావని ఇంటి ఓనర్ సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్ కాగితం తీసుకున్నావా లేదా అన్నదొక్కటే చూసుకో. అది లేకపోతే కౌంటర్ దగ్గర్నుంచి వెనక్కి పంపేస్తారు. అంతే తప్ప నమోదు కాలేదని జర్మనీలో పక్క ఊరికి వెళ్లకూడదని ఎక్కడా లేదు. నీ పాస్‌పోర్ట్‌లో చెల్లుబాటులో ఉన్న వీసా ఉంది కదా, అది చాలు.

ఇక అసలు టెన్షన్ పడాల్సిన విషయం నువ్వు అడగనే లేదు. పోస్టు డబ్బా. ఇక్కడ చిరునామాలో ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి, ఇంటి నంబరు, పేరు, అంతే. డబ్బా మీద నీ ఇంటిపేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి తీసుకెళ్లిపోతాడు. నాకు ఇలాగే అయింది. మా డబ్బా మీద పాత అద్దెవాళ్ల పేరు మాత్రమే ఉంది. నా హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, టాక్స్ నంబరు ఉత్తరం రెండూ తిరిగి వెళ్లిపోయాయి. నేను మాత్రం ఆఫీసులవాళ్లు ఆలస్యం చేస్తున్నారనుకుంటూ మూడు వారాలు ఎదురుచూశాను. చివరికి పై అంతస్తు ముసలాయన నన్ను కిందికి తీసుకెళ్లి, డబ్బా మీద వేలు పెట్టి చూపించి, తన జేబులోంచి పెన్ను తీసి చిన్న కాగితం ముక్క మీద నా పేరు రాయమన్నాడు. టేపుతో అంటించాం. నాలుగో రోజుకి ఉత్తరాలు రావడం మొదలైంది. ఆ టాక్స్ నంబరు లేకపోతే పార్ట్ టైమ్ ఉద్యోగంలో జీతం నుంచి ఎక్కువ పన్ను కోసేస్తారు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మిగతా కాగితాల పనికి నేను చెప్పేది ఒక్కటే: సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దుటి పూట ఆ పని, శనివారం నీది. ఆఫీసులు చాలావరకు శనివారం తెరవవు. ఆదివారం దుకాణాలు కూడా మూసే ఉంటాయి కాబట్టి సరుకులు శుక్రవారం సాయంత్రమే తెచ్చి పెట్టుకో.

టికెట్ దగ్గరికొద్దాం. అందరూ డాయిష్‌లాండ్ టికెట్ గురించి చెప్పి ఉంటారు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. దేశమంతా లోకల్ రైళ్లు, ట్రాములు, బస్సులు అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి వేగం రైళ్లలో మాత్రం చెల్లదు. కానీ అది నెలనెలా బ్యాంకు ఖాతాలోంచి కట్ అయ్యే చందా. నీ ఖాతా ఇంకా తెరుచుకోలేదు. పైగా అది క్యాలెండర్ నెల లెక్క, నెల మధ్యలో తీసుకుంటే మిగిలిన రోజులకే వాడుకోగలవు. వద్దనుకుంటే 10వ తేదీలోపు క్యాన్సిల్ చేయాలి, ఒక్కరోజు దాటినా వచ్చే నెల డబ్బు పోతుంది. ముందు నీ సెమిస్టర్ ఫీజులో ఏ టికెట్ కలిపారో, అది ఎంత దూరం చెల్లుతుందో చూసుకో. చాలామంది అది చూసుకోకుండా రెండోది కొంటారు.

ఈ శనివారానికి నీకు కావాల్సింది మన రాష్ట్రం పేరుతో ఉండే ఒకరోజు టికెట్, జాక్సెన్-అన్‌హాల్ట్ టికెట్. స్టేషన్ మెషీన్‌లోనే దొరుకుతుంది. ఒక్క టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్లొచ్చు, మనిషి పెరిగిన కొద్దీ కొంచెమే పెరుగుతుంది. మీరు నలుగురు కాబట్టి పంచుకుంటే చాలా చవక. పక్కనున్న సాక్సనీ, థురింగియా రాష్ట్రాల్లో కూడా చెల్లుతుంది. వారంలో మామూలు రోజుల్లో పొద్దున 9 తర్వాతే ఎక్కాలి, శని ఆదివారాల్లో ఆ గొడవ లేదు, మర్నాడు తెల్లవారుజామున 3 గంటల దాకా నడుస్తుంది. రైలెక్కే ముందే టికెట్ మీద అందరి పేర్లూ రాయండి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు, కొత్తవాళ్లం అన్నా వినరు.

ఎక్కడికంటే, క్వెడ్లిన్‌బర్గ్. మొదటి ప్రయాణానికి అంతకంటే మంచి ఊరు నాకు తెలియదు. గంటంపావు ప్రయాణం. కర్ర చట్రాల మధ్య మట్టి నింపి కట్టిన పాత ఇళ్లు వెయ్యికి పైగా ఉన్నాయి, 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక సందులో నిలబడి తలెత్తి చూడు, రెండు వైపుల ఇళ్లూ పైకి వెళ్లే కొద్దీ ముందుకు వంగి ఒకదాన్నొకటి పలకరిస్తున్నట్టుంటాయి. దూలాల మీద ఇల్లు కట్టినవాళ్ల పేర్లు, ఏడాది చెక్కి ఉంటాయి. కొండ మీది చర్చిలో 936లో చనిపోయిన జర్మన్ రాజు హైన్‌రిష్ సమాధి ఉంది. ఆయన కొడుకు ఒట్టో చక్రవర్తి సమాధి ఎక్కడుందో తెలుసా? మన మాగ్డెబర్గ్ కథీడ్రల్‌లో. తండ్రి ఊరు చూసొచ్చి మర్నాడు ట్రామెక్కి కొడుకు ఊరు చూడు, నువ్వు ఉంటున్న చోటు మీద నీకే ఒక అభిమానం పుడుతుంది. నాకు ఆ రోజు నుంచే ఇది పరాయి ఊరు అనిపించడం మానేసింది.

ఒక జాగ్రత్త. మేం మొదటిసారి అక్కడికి బయలుదేరి వేరే ఊళ్లో దిగాం. రైలు హాల్బర్‌స్టాట్‌లో ఆగింది. స్పీకర్లో ఏదో చెప్పారు. మా పెట్టెలో ఉన్న పెద్దావిడ కుక్కని చంకనెత్తుకుని దిగి, ప్లాట్‌ఫాం మీద నడిచి అదే రైల్లో ఇంకో పెట్టె ఎక్కింది. ఎందుకబ్బా అనుకుంటూ మేం కూర్చునే ఉన్నాం. కాసేపటికి ఆవిడ ఎక్కిన సగం ఒక దారిన, మా సగం ఇంకో దారిన పోయాయి. మేం బ్లాంకెన్‌బర్గ్‌లో తేలాం. ఇక్కడ ఒకే రైలు దారిలో రెండుగా విడిపోవడం మామూలే, త్సూగ్‌టైలుంగ్ అంటారు. ఎక్కేటప్పుడే ఆ పెట్టె తలుపు పక్కనో లోపలి తెర మీదో ఏ ఊరి పేరుందో చూడు. ఇంకో రెండు మాటలు నేర్చుకో. యాప్‌లో ఫెల్ట్ ఔస్ అని కనిపిస్తే ఆ రైలు రద్దయింది. షీనెన్‌ఎర్‌జాట్స్‌ఫెర్కేర్ అంత పొడుగు మాటకి అర్థం రైలు బదులు బస్సు అని. ఆ బస్సు స్టేషన్ లోపల కాదు, బయట ఎక్కడో ఆగుతుంది, పది నిమిషాలు ముందుండాలి. రైలు తలుపులు వాటంతట అవి తెరుచుకోవు, బటన్ నొక్కాలి. మొదట్లో ఇవి తెలియక కంగారు పడతాం, మూడో ప్రయాణానికి చేతికి అలవాటైపోతాయి. క్లాసులో ఎవరూ నేర్పరు ఇవి.

ఇంకో సభ్యుడు, ఉద్యోగంలో ఉన్న అన్న

అక్క చెప్పినవన్నీ సరైనవే. నేను రెండు మాటలు కలుపుతాను.

దేశం దాటే ప్రయాణాలు వేరు. చెక్ దేశంలోని ప్రాగ్ దగ్గరే కదా అని అందరూ బయలుదేరతారు. నీ దీర్ఘకాలిక డి వీసా గడువు ఉన్నంత కాలం, ఒకే వీసాతో తిరగగల మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. కానీ ఒరిజినల్ పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి, ఫోన్లో ఫొటో పనికిరాదు. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, రైల్లో పోలీసులు వచ్చి అడుగుతారు. వీసా గడువు దగ్గరపడుతుంటే, రెసిడెన్స్ కార్డు చేతికొచ్చే దాకా సరిహద్దు జోలికి వెళ్లకు. ఆ కార్డు ఇచ్చే ఫారినర్స్ ఆఫీస్ అపాయింట్‌మెంట్‌కి ఇప్పుడే రాయి, గడువు దగ్గరికొచ్చాక రాస్తే తేదీ దొరకదు.

ఇంకోటి. నమోదు అయిన కొన్నాళ్లకి రేడియో, టీవీ చందా కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. నా దగ్గర టీవీ లేదని పారేయకు. అది ఇంటికి ఒక్కటి, నెలకి 18.36 యూరోలు. మీ నలుగురిలో ఒకరు కడితే చాలు, మిగతావాళ్లు ఆ నంబరు రాసి జవాబిస్తే సరిపోతుంది. మేం ముగ్గురం ఎవరికి వారం ఏడాది పాటు కట్టాం, తర్వాత తెలిసింది.

బెర్లిన్‌కి ఆర్‌ఈ 1 అనే లోకల్ రైలు నేరుగా వెళ్తుంది, కానీ జాక్సెన్-అన్‌హాల్ట్ టికెట్ అక్కడ చెల్లదు. దానికి డాయిష్‌లాండ్ టికెట్ వచ్చాక వెళ్లండి.

కొత్తగా వచ్చిన విద్యార్థిని

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. క్వెడ్లిన్‌బర్గ్ అని ఫ్లాట్‌లో చెప్పేశాను. ఒక సందేహం: ఆ తర్వాతి వారాల్లో వాళ్లకి కుదరకపోతే ఒక్కదాన్నే వెళ్లొచ్చా? చీకటి పడితే రైళ్లు ఉంటాయా?

మూడేళ్లుగా ఇక్కడున్న ఒక అక్క

వెళ్లొచ్చు. నేను ఎక్కువ తిరిగింది ఒంటరిగానే. బయలుదేరే ముందే తిరుగు రైళ్లు రెండు చూసి పెట్టుకో, ఒకటి నువ్వు ఎక్కాలనుకున్నది, ఒకటి అది రద్దయితే ఎక్కేది. ఆఖరి రైలు కోసం ఎప్పుడూ ఆగకు. చిన్న స్టేషన్లలో రాత్రిపూట మనిషి ఉండడు, కౌంటరూ ఉండదు. ఫోన్‌కి పవర్‌బ్యాంక్, చేతిలో కొంచెం చిల్లర పెట్టుకో, టాయిలెట్‌కి నాణేలు అడుగుతారు. బూట్లు గట్టివి వేసుకో, ఆ పాత ఊళ్లలో రాళ్లు పరిచిన దారులు పల్చటి చెప్పులతో రెండు గంటలు కూడా నడవనివ్వవు.

ఒంటరిగా అయితే డెస్సావ్ మంచిది. నేరుగా రైలుంది. ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ 1926లో పూర్తిచేసిన, బౌహౌస్ అనే డిజైన్ స్కూలు భవనం స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. ఆ తర్వాతి వారం విట్టెన్‌బర్గ్, 1517లో మార్టిన్ లూథర్ చర్చి పద్ధతుల్ని ప్రశ్నిస్తూ 95 వాదనలు రాసిన ఊరు. ఆయన వాటిని అంటించాడని చెప్పుకునే చర్చి తలుపు చూసి ఇదేనా అనుకోకు, ఆ పాత చెక్క తలుపు 1760లో కాలిపోయింది. ఇప్పుడున్న కంచు తలుపు 1858లో పెట్టింది, ఆ వాదనలు దాని మీదే పోత పోసి ఉన్నాయి. బ్రోకన్ కొండ మాత్రం వాతావరణం చూసుకుని వెళ్లాలి. 1141 మీటర్ల ఎత్తు, ఏడాదిలో ఎక్కువ రోజులు పొగమంచే. మేం వెళ్లినప్పుడు పైన పక్కనున్న మనిషి కూడా కనబడలేదు. ఆకాశం తేటగా ఉన్న రోజు దొరికితే మాత్రం ఆలోచించకుండా బయలుదేరు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి స్టేషన్‌లో టికెట్ మెషీన్ల దగ్గర నేనూ ఉంటాను, నాకు ఆ రోజు హాల్బర్‌స్టాట్‌లో పనుంది. టికెట్ ఎలా తీయాలో చూపిస్తాను, ఏ పెట్టె ఎక్కాలో కూడా కలిసే చూద్దాం. దానికంటే ముందు, ఇవాళ రాత్రే కిందికి దిగి పోస్టు డబ్బా మీద నీ పేరుందో లేదో చూడు. లేకపోతే నలుగురి పేర్లూ రాసి అంటించు, కాలింగ్ బెల్ దగ్గర కూడా.